గుంటల స్పోరు: తోటమట్టిలో కొత్త వేరుశిలీంధ్రం కోసం ఒక ప్రాజెక్టు డైరీ

1వ వారం: తవ్వకం

ఎనిమిది పాత మామిడిచెట్ల కింద మట్టి తీశాం. చెట్టు మొదట్లో తవ్వి లాభం లేదు, అక్కడన్నీ లావు వేళ్ళే. కొమ్మల నీడ నేలమీద పడే అంచు దగ్గర, పాదు గట్టుకు కాస్త అటూ ఇటూగా పీచువేళ్ళు గుబురుగా ఉంటాయి. మనక్కావలసినవి అవే. రాలిన ఆకులు పక్కకు తోసి, జానెడు లోతు వరకు, ఒక్కో చెట్టుకు నాలుగు వైపులా తీసి కలిపాం. చెట్టు మారినప్పుడల్లా పారని స్పిరిట్‌తో తుడవాలి. ఐదో చెట్టు దగ్గర తుడవడం మర్చిపోయి, ఆ సంచీ పారబోసి మళ్ళీ తవ్వాం.

తోట పెద్దాయన చాలాసేపు చూసి అడిగాడు. "ఏం పురుగమ్మా వెతుకుతున్నారు?"

"పురుగు కాదండీ, వేళ్ళలో ఉండే శిలీంధ్రం. ఒకరకం బూజు అనుకోండి."

"బూజు కోసం ఇంత దూరం వచ్చారా!"

వ్యామ్ అనగానే మాత్రం గుర్తుపట్టాడు. "మొక్క నాటేటప్పుడు గుంతలో చల్లే పొడేగా?" అదే. కాకపోతే సంచుల్లో వచ్చేది ఒకటో రెండో రకాలు. ఆయన చెట్ల కింద ఎవరూ చల్లకుండానే ఎన్ని రకాలున్నాయో తెలుసుకోవడం మా పని. వాటిలో ఇంతవరకూ పేరు పెట్టనిది ఒక్కటైనా దొరుకుతుందేమోనన్నది అసలు ఆశ.

పాత తోటనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఏటా దున్నే పొలంలో ఈ శిలీంధ్రాల దారాల వల ఏటా తెగుతుంది. ఆ దెబ్బకు తట్టుకునే కొన్ని రకాలే మిగులుతాయి. తోటలో ఏళ్ళ తరబడి అవే వేళ్ళు, అదే వల. నేలమీది మొక్కల్లో సుమారు 70 శాతం ఈ గ్లోమరోమైకోటా శిలీంధ్రాలతోనే జత కడతాయి. దారాలు భాస్వరం, జింకు తెచ్చి వేరుకిస్తాయి. వేరు చక్కెర, కొవ్వు ఇస్తుంది. అయినా వీటిలో పేరున్న జాతులు మూడు వందల పైచిలుకే. శిలీంధ్రాలన్నిటిలో పేరు పెట్టినవి లక్షన్నర దాకా ఉన్నాయంటే, ఈ లెక్క ఎంత చిన్నదో చూడండి. వీటికి పుట్టగొడుగు ఉండదు, వేరు లేకుండా పళ్ళెంలో పెంచుదామంటే పెరగవు, వేరు లోపల చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా కనబడేది మట్టిలో వదిలే స్పోర్లలోనే (పాఠ్యపుస్తకంలో సిద్ధబీజాలు అంటారు, ల్యాబులో ఎవరూ అనరు).

2వ వారం: జల్లెడ

పద్ధతి 1963 నాటిది. జెర్డెమన్, నికల్సన్ రాసిన తడి జల్లెడ. 50 గ్రాముల మట్టిని బకెట్ నీళ్ళలో కలియబెట్టి, ఇసుక అడుక్కి దిగేదాకా కొన్ని సెకన్లు ఆగి, పై నీళ్ళని ఒకదానికింద ఒకటి పేర్చిన జల్లెళ్ళలోంచి వంచాలి. మావి 710, 250, 106, 45 మైక్రాన్లవి. పై జల్లెడలో వేళ్ళు, చితుకులు. బురద అన్నిట్లోంచీ కారిపోతుంది. అసలు సరుకు కింది మూడింటిలో.

ఆ మిగిలినదాన్ని చక్కెర ద్రావణం మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. కింద 60 శాతం చిక్కటి పాకం, పైన 20 శాతం పలచటిది. రెండు నిమిషాలు తిరిగేసరికి రేణువులు అడుక్కి పోతాయి, స్పోర్లు రెండు పొరల మధ్య సన్నని గీతలా తేలతాయి. ఆ గీతని పిపెట్‌తో లాగి వెంటనే నీళ్ళతో కడగాలి. ఈ "వెంటనే" అన్నమాట ఎందుకో మంగళవారం తెలిసొచ్చింది. ఫోన్ వస్తే బయటికెళ్ళి మాట్లాడి వచ్చాను. చక్కెర లోపలి నీటిని లాగేసింది, స్పోర్లన్నీ గాలి పోయిన బంతుల్లా సొట్టలు పడ్డాయి. మూడో చెట్టు నమూనా సగం పోయింది. ఇప్పుడు సెంట్రిఫ్యూజ్ తిరిగేటప్పుడు ఫోన్ సొరుగులో ఉంటుంది.

3వ వారం

ఏరుతున్నాను. అంతే. స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్రీ డిష్, చేతిలో సన్నటి పిపెట్. తెల్లవి, తేనెరంగువి, గోధుమరంగువి, నల్లవి. గిగాస్పోరా లాంటి పెద్దవైతే వెలుతురులో మామూలు కంటికే ముత్యంలా మెరుస్తాయి. పురుగుల గుడ్లు, గింజలు, గుండ్రటి ఇసుకరేణువులు కూడా స్పోర్లలాగే నటిస్తాయి. సూదితో నొక్కితే ఇసుక జారిపోతుంది, గుడ్డు చితుకుతుంది, స్పోరు కాస్త ఎదురు తిరిగి పగులుతుంది. నాలుగు రోజులకు కన్నుకంటే ముందు చెయ్యి గుర్తుపట్టడం మొదలైంది.

పదకొండు గుంపులు తేలాయి. ఏడో గుంపు మీద కన్ను పడింది. తేనెరంగు, 90 నుంచి 120 మైక్రాన్లు, పైన చిన్నచిన్న గుంటలు. పెట్టెమీద "గుంటలది" అని రాశాను.

5వ వారం: స్లైడ్లు

ప్రతి స్పోరునీ రెండు రకాలుగా చూడాలి. కొన్నిటిని పీవీఎల్‌జీ అనే జిగురు ద్రావణంలో, కొన్నిటిని అదే జిగురుకి సమంగా మెల్జర్ ద్రావణం కలిపినదాంట్లో పెట్టాలి. మెల్జర్‌లో అయోడిన్ ఉంటుంది. కొన్ని పొరలు అది తగిలితే రంగు మారతాయి. ఏ పొర మారింది, ఏ రంగుకి మారింది అన్నది గుర్తింపులో సగం.

కవర్‌స్లిప్ వేసి పెన్సిల్ వెనకవైపుతో మెల్లగా నొక్కాను. ముందు ఏమీ కాలేదు. ఇంకొంచెం నొక్కితే పై గోడ ఒకచోట చీలింది. చీలికలోంచి నూనెబొట్లు బుడబుడా బయటికొచ్చాయి, వాటి వెనకే ఇంకో గోళం, పూర్తిగా రంగులేనిది, గుడ్డుపెంకు లోపలి పొరలా మెత్తగా జారింది. దాని లోపల మరొకటి. ఈ మూడోది బయటపడ్డాక పది సెకన్లలో గులాబీరంగు ఎక్కి, నేను చూస్తుండగానే ముదురు ఊదా అయింది. దానిమీద సన్నటి పూసలు పరిచినట్టు గరుకు. పై గోడలో ఒకచోట గుండ్రటి మచ్చ.

మచ్చ, మూడు గోడలు, పూసలు, ఊదారంగు. ఇక సందేహం లేదు, ప్రజాతి అకాలోస్పోరా. 1974లో జెర్డెమన్, ట్రాప్ పెట్టిన పేరు, అర్థం "కాడ లేని స్పోరు". దారం చివర ముందు ఒక తెల్లటి బుడగ వస్తుంది, దాని మెడ పక్కన స్పోరు మొలుస్తుంది. ముదిరాక బుడగ ఎండి రాలిపోతుంది. బొడ్డులాంటి ఆ మచ్చ ఒక్కటే మిగులుతుంది.

ప్రజాతి తెలిసింది, జాతి దగ్గరే తంటా. అకాలోస్పోరాలో గుంటలున్నవి చాలా ఉన్నాయి. పేర్లు చూస్తే నవ్వొస్తుంది: ఫోవియేటా, స్క్రోబిక్యులేటా, లాక్యునోసా, కావర్నేటా. లాటిన్‌లో గుంటకూ గుహకూ ఉన్న మాటలన్నీ ఖర్చుపెట్టేశారు. ఫోవియేటా గుంటలు పెద్దవి, మావి కావు. స్క్రోబిక్యులేటావి చిన్నవే, కానీ మా గుంటల అంచులు కొంచెం ఉబ్బెత్తుగా ఉన్నాయి. 60 స్పోర్లు కొలిచాను. వర్ణనలన్నీ ముందు పరుచుకుని రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. ఏదీ అతకలేదు.

కొత్తది అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఇద్దరికి చెప్పాను కూడా.

6వ వారం: గుంట కాదు, కన్నం

జూనియర్ వచ్చి స్లైడు చూస్తానంది. చూసింది. ఫోకస్ కిందికి, పైకి, మళ్ళీ కిందికి తిప్పింది.

"అక్కా, ఇవి గుంటలా, కన్నాలా?"

"గుంటలే. ఎందుకు?"

"ఇది చూడు. అడుగు లేదు. గోడ మొత్తం దాటి లోపలికి పోయింది."

చూశాను. నిజమే. దాని పక్కనున్నదానికి అడుగుంది, దీనికి లేదు. ఇంకోదాంట్లో కన్నంలోంచి వెంట్రుక కంటే సన్నటి దారం వేలాడుతోంది. మట్టిలో ఈ స్పోర్లను తినే వేరే శిలీంధ్రాలుంటాయి. గోడకి బెజ్జం పెట్టి లోపలి నూనె జుర్రుకుంటాయి. పైనుంచి చూస్తే ఆ బెజ్జం అచ్చం అలంకారపు గుంటలాగే ఉంటుంది. నాకు ప్రత్యేకంగా తోచిన "ఉబ్బెత్తు అంచు" కొన్నిటిలో గాయం చుట్టూ గోడ మందం కావడమే.

60 స్లైడ్లూ మళ్ళీ మొదటినుంచి చూశాం. అసలు గుంటలైతే స్పోరంతా ఒకే దూరంలో, ఒకే లోతులో, గుంపులోని ప్రతిదానికీ ఉండాలి. కన్నాలైతే ఒకచోట మూడు, ఇంకోచోట ఏమీ ఉండదు. 23 స్పోర్లు పక్కన పెట్టేశాం. వాటిలో కొన్ని నున్నటి స్పోర్లే, పురుగు కొట్టిన వంకాయల్లా కన్నాలు పడి నా గుంపులో చేరిపోయాయి. మిగిలిన 37లో గుంటలు నిజమైనవే. వాటిలో చాలావాటికి అంచు ఉబ్బే ఉంది. కొలతలు మాత్రం మారాయి, సగటు కిందికి దిగింది.

గుంటలది బతికింది. నా పరువు సంగతి వేరే. ముందే చెప్పిన ఇద్దరికీ ఫోన్ చేశాను.

ఇంకో నిజం కూడా అప్పుడే ఒప్పుకోవాల్సొచ్చింది. తోటమట్టిలో దొరికే స్పోరు వయసు తెలీదు. ఎండకి, తడికి, పురుగులకి పై పొరలు ఊడిపోతాయి, రంగు ముదురుతుంది. పొర ఊడిన పాత జాతి కొత్త జాతిలా కనబడుతుంది. తాజా స్పోర్లు కావాలంటే పెంచాలి.

8వ వారం: కుండీలు

ట్రాప్ కల్చర్ అంటారు. స్టెరిలైజ్ చేసిన ఇసుకమట్టిలో తోటమట్టి కొంచెం కలిపి జొన్న విత్తుతాం. వేళ్ళు వస్తాయి, మట్టిలోని శిలీంధ్రాలు ఆ వేళ్ళను పట్టుకుని మళ్ళీ పెరిగి కొత్త స్పోర్లు పెడతాయి. ఇసుకమట్టిని ఆటోక్లేవ్‌లో (పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది) 121 డిగ్రీల దగ్గర గంటసేపు, ఒకరోజు ఆగి ఇంకోసారి పెట్టాం. భాస్వరం తక్కువుండాలి. ఎక్కువైతే మొక్కకి శిలీంధ్రం అవసరం ఉండదు, లోపలికి రానివ్వదు.

మట్టిని ఇలా శుభ్రం చేసి మొక్క నాటితే ఏమవుతుందో నిమ్మజాతి నర్సరీల వాళ్ళకి ఎప్పుడో అనుభవమైంది. తెగుళ్ళు పోవాలని మట్టికి మందు పొగ పట్టిస్తే తెగుళ్ళతోపాటు ఈ శిలీంధ్రాలూ పోయి, నారు గిడసబారిపోయింది. కారణం ఈ శిలీంధ్రాలు లేకపోవడమేనని 1972లో తేల్చారు. మా కుండీల్లోనూ అదే కనబడింది. తోటమట్టి కలపని నాలుగు కంట్రోల్ కుండీల్లో జొన్న ఊదారంగు ఆకులతో మోకాటి ఎత్తు దగ్గరే ఆగిపోయింది. మిగతావి నా భుజం దాకా వచ్చాయి.

5వ నెల

మధ్యలో ఒకసారి వేళ్ళు తీసి చూశాం. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి, వెనిగర్‌లో కలిపిన సిరాతో రంగేశాం. 1998లో వచ్చిన ఈ సిరా పద్ధతి నాకు చాలా ఇష్టం, ట్రిపాన్ బ్లూ అనే రంగుతోలా చేతులకు గ్లవుజులు వేసుకుని భయపడక్కర్లేదు. వేరు కణంలో ఆర్బస్క్యూల్ చక్కగా కనబడింది: ఒక సన్నటి కాడ కణంలోకి దూరి, రెండుగా చీలి, ఆ రెండూ మళ్ళీ చీలి, చివరికి కణమంతా నిండిన పొదలా అయింది. శిలీంధ్రానికీ చెట్టుకీ ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది ఇక్కడే. ఒకచోట రంగు బాగా వెలిసినట్టుంది. అకాలోస్పోరాలు వేళ్ళలో రంగు సరిగా పట్టవు కాబట్టి అది మంచి కబురే. కానీ అంతకుమించి ఏ జాతో వేరు చెప్పదు.

6వ నెల: మొదటి పంట పోయింది

నీళ్ళు ఆపి ఎండబెట్టి, జల్లించి చూశాం. పన్నెండు కుండీల్లో పదింట్లో ఒకే రకం, ఫన్నెలిఫార్మిస్ మోసేలా ఉన్న పసుపు స్పోర్లు కుప్పలుగా. కలుపుమొక్కలాంటి శిలీంధ్రం అది, వేగంగా పెరిగి మిగతావాటిని తొక్కేస్తుంది. గుంటలది రెండు కుండీల్లో మాత్రమే, వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. ఆరు నెలల పని.

కానీ ఆ కొన్నిటిలో ఒకదానికి బుడగ ఊడలేదు. పలచటి తెల్లటి బుడగ, దాని మెడ పక్కన లేత పసుపు స్పోరు, ఇంకా పూర్తిగా ముదరలేదు. గుంటలు అప్పుడే పడుతున్నాయి, ముదిరినదానికంటే లోతు తక్కువ. ఏ పురుగూ ముట్టని స్పోరుమీద గుంటలు. ఆ రోజుకి అది చాలు. ఫొటో తీసి ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. చూసినవాళ్ళు చింతపండు గింజా అని అడుగుతున్నారు.

7వ నెల: ఒకటే స్పోరు, ఒకటే మొక్క

ఇక మిగిలిన దారి ఒక్క స్పోరుతో కల్చర్ పెట్టడం. మొలకెత్తిన జొన్న వేరు కొనమీద సూదితో ఒక్క స్పోరు ఆనించి, చిన్న కోన్ కుండీలో నాటాలి. చెయ్యి వణికితే స్పోరు ఎటు పోయిందో తెలీదు. 40 నాటాను. మామూలుగా ఇందులో చాలావరకు పట్టవు, అందుకే 40. మూడు పట్టాయి: 8, 19, 31.

క్యారెట్ వేళ్ళని పళ్ళెంలో పెంచి వాటిమీద ఈ శిలీంధ్రాలను పెంచే పద్ధతిని 1988లో బెకార్, ఫోర్టిన్ చేసి చూపించారు. అదెందుకు చెయ్యట్లేదని అందరూ అడుగుతారు. కొన్ని జాతులకు అది అద్భుతంగా పనిచేస్తుంది. అకాలోస్పోరాలు అంత తేలిగ్గా లొంగవు. ఓ పది పళ్ళాలు పెట్టి చూశాను, పదీ బూజు పట్టాయి. ఈసారి నిజం బూజు.

10వ నెల: డీఎన్‌ఏ

8వ కుండీలో స్పోర్లు వచ్చాయి. ఒక్కో స్పోరుని విడిగా నలిపి, 2009లో క్రూగర్ బృందం చేసిన ప్రైమర్లతో (ఏ ముక్కని కాపీ చెయ్యాలో చూపే చిన్న డీఎన్‌ఏ తునకలు) రెండు దశల పీసీఆర్, అంటే ఆ ముక్కకి లెక్కలేనన్ని ప్రతులు తీయడం. చివరికి దాదాపు 1,500 అక్షరాల ముక్క రావాలి. మొదటిసారి బ్యాండ్ (ముక్క వచ్చిందని చూపే గీత) రాలేదు. రెండోసారి వచ్చింది, కాకపోతే స్పోరు వెయ్యని నెగటివ్ కంట్రోల్‌లో కూడా వచ్చింది. అంటే ఎక్కడో కలిసింది. టెన్షన్‌తో నీళ్ళు, ప్రైమర్లు అన్నీ మార్చి, బెంచీ బ్లీచ్‌తో కడిగి, పిపెట్లు అరువు తెచ్చుకుని చేస్తే మూడోసారి శుభ్రంగా వచ్చింది.

ఇంతటితో అయిపోదు. ఒక్క స్పోరులోనే వందల నుంచి వేల దాకా కేంద్రకాలుంటాయి, ఈ ముక్క ప్రతులన్నీ ఒకేలా ఉండవు. ఒక్క ప్రతి అక్షరాల వరస చూసి జాతి తేలిస్తే, స్పోరు లోపలి తేడానే జాతుల తేడా అనుకునే ప్రమాదముంది. అందుకే ప్రతుల్ని క్లోన్ చేసి విడదీసి 24 వరసలు చదివించాం. వంశవృక్షంలో 24 వరసలూ ఒకే కొమ్మమీద గుత్తిగా కూర్చున్నాయి. పక్క కొమ్మలో స్క్రోబిక్యులేటా లేదు, ఫోవియేటా లేదు. పేరున్న జాతి ఏదీ ఆ గుత్తిలోకి రాలేదు.

అందరూ చదివిన డీఎన్‌ఏ వరసలు దాచే జెన్‌బ్యాంక్‌లో వెతికితే మాత్రం దగ్గరి వరసలు కొన్ని దొరికాయి. అన్నీ ఎవరో ఎక్కడో చెట్ల వేళ్ళలోంచి నేరుగా తీసిన డీఎన్‌ఏ. జాతి పేరు ఉండాల్సిన చోట "కల్చర్ చేయనిది" అని ఉంది. అంటే దీని డీఎన్‌ఏ ముందే చదివారు, దీన్ని ఎవరూ చూడలేదు. నేను కనిపెట్టాననే గర్వం కొంచెం తగ్గింది. ఒక విధంగా ఇదే బాగుందనిపించింది, మన ఒక్క తోటలో పుట్టిన వింత కాదన్నమాట.

12వ నెల

31వ కుండీ పోయింది. ట్రేలో నీళ్ళు నిలిచి వేరు కుళ్ళింది. 19లో వేళ్ళు పట్టాయి గానీ ఇంకా స్పోర్లు రాలేదు.

13వ నెల: పేరు

మా గైడ్ మేడమ్‌కి వర్ణన చూపించాను. నియమాల సంగతి ముందు చెప్పారు: 2012 నుంచి లాటిన్ తప్పనిసరి కాదు, ఇంగ్లీషు చాలు. 2013 నుంచి మైకోబ్యాంక్ లాంటి శిలీంధ్రాల పేర్ల రిజిస్ట్రీలో నంబరు తీసుకోకపోతే ఆ పేరు చెల్లదు. బతికున్న కల్చర్ హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకి ఆధారంగా దాచే నమూనాగా, పనికిరాదు. స్లైడ్లు గానీ, ఎండబెట్టో గడ్డకట్టించో ఉంచిన నమూనా గానీ హెర్బేరియంలో (నమూనాలు దాచే చోట) పెట్టాలి. రంగుని "తేనెరంగు" అని రాస్తే చాలదన్నారు. ఎవరి తేనె? అచ్చుపనివాళ్ళ సీఎంవైకే అంకెల్లో ఇస్తే మంచిది.

"పేరేం అనుకున్నావు?"

గుంట అనే మాటలన్నీ అయిపోయాయని చెప్పాను. నవ్వారు. తర్వాత అసలు మాట అడిగారు.

"గుంటల లోతు కల్చర్‌లోనూ, తోటలోనూ ఒకటేనా?"

నా దగ్గర తోట స్పోర్లవి 37 కొలతలున్నాయి. 8వ కుండీవి బయటి కొలతలు, గోడల మందం మాత్రమే కొలిచాను. లోతు కొలవలేదు. ముదిరేకొద్దీ లోతు మారుతుందని ఆరో నెలలో నేనే రాసుకున్నాను, రాసి వదిలేశాను.

"రెండో తోట మట్టి కూడా చూడు," అన్నారు. "ఒక్క తోట, ఒక్క కుండీతో పేరు పెట్టకు. తర్వాత ఎవరో దాన్ని పాతదాంట్లో కలిపేస్తే నీకూ బాధ, జాబితాకీ బరువు."

14వ నెల

వేరే తోటలో, ఈసారి నిమ్మచెట్ల కింద, ఆరు సంచులు తీశాం. పార ప్రతిసారీ తుడిచాను.

8వ కుండీ స్పోర్లని మూడు కుప్పలు చేశాను: బుడగ ఉన్నవి, బుడగ అప్పుడే ఊడినవి, పూర్తిగా ముదిరినవి. ఒక్కోదాంట్లో 50 కొలవాలి. పగిలిన గోడ అంచు పక్కకు తిరిగి నిలబడితేనే గుంట లోతు తెలుస్తుంది, అందుకని ఒక కొలతకి మూడు స్లైడ్లు పాడవుతున్నాయి. ఇవాల్టికి ముదిరినవి 14 అయ్యాయి. తోటవాటికి దగ్గరగానే ఉన్నాయి. లేతవి రేపు.

నిమ్మతోట సంచుల్లో రెండిటిని జల్లించాం. జూనియర్ 106 జల్లెడ కడుగుతూ పిలిచింది. పెట్రీ డిష్‌లో ఒకే ఒక తేనెరంగుది ఉంది. ఈసారి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ముందు ఫోకస్ కిందికి తిప్పాను. గుంటకి అడుగుంది.